సిరికిం జెప్పడు: ఒక పద్యం, కొన్ని మాటలు

శ్రోతలకు నమస్కారం.

బమ్మెర పోతన గజేంద్రమోక్షం పద్యాలు మనలో చాలామందికి నోటికి వచ్చు. అర్థం చెప్పమంటేనే తడబడతాం. ఇవాళ ఒక్క పద్యం చూద్దాం. ఒక్కటి చాలు.

సిరికిం జెప్పడు; శంఖచక్రయుగముం జేదోయి సంధింపడే
పరివారంబునుం జీర, డభ్రగపతిం బన్నింప, డాకర్ణికాం
తర ధమ్మిల్లముం జక్కనొత్తడు, వివాదప్రోత్థితశ్రీకుచో
పరిచేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై.

మొసలి పట్టిన ఏనుగు మొర విని విష్ణువు బయలుదేరాడు. ఎంత హడావిడిగా? సిరికి చెప్పలేదు. సిరి అంటే లక్ష్మి. సంస్కృతంలోని శ్రీ, ప్రాకృతం దారిన మనింటికొచ్చి సిరి అయింది. పద్యం చివర మళ్ళీ శ్రీగానే కనిపిస్తుంది. భార్యకు చెప్పకుండా వెళ్ళాడనే చోట పోతనగారు ఇంటిమాటే వాడారు. ఆ ఎత్తుగడంటే నాకు ప్రాణం.

చేదోయి అంటే రెండు చేతులు. దోయి అంటే జంట, కనుదోయి అంటామే, అదే. శంఖచక్రాలు చేతుల్లోకి తీసుకోలేదు. చీరడు అంటే పిలవడు. పరివారంలో ఎవరినీ పిలవలేదు. అభ్రం ఆకాశం, అభ్రగం అందులో తిరిగే పక్షి, అభ్రగపతి గరుత్మంతుడు. ఆయన్నీ సిద్ధం చేయించలేదు. ధమ్మిల్లం అంటే జుట్టుముడి. అది చెవులమీదికి జారినా సర్దుకోలేదు. ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటకొంగు, అదే చేలాంచలం, దాన్నీ వదల్లేదు! ఆఖరి సమాసంలో వనం లేదండీ, ఉన్నది అవనం, అంటే కాపాడటం. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఆత్రం.

చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. అన్నీ చేయని పనులే. ఆ చేయకపోవడంలోనే ఆయన పరుగంతా వినిపిస్తుంది.

ఇక పిల్లలకు పద్యం నేర్పేవాళ్ళకు ఒక్క మాట. నిఘంటువులో "జీరడు" కోసం జకారంలో వెతికితే దొరకదు. ముందు మాట చివర నకారమో సున్నో ఉంటే, దాని తర్వాతి క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలుగా మారతాయి. కాబట్టి వెనక్కి మార్చుకుని చూడాలి. జీరడును చీరుగా, బన్నింపడును పన్నించుగా, జేదోయిని చేదోయిగా. ఈ ఒక్క పద్యంలోనే అయిదుచోట్ల ఇలా జరిగింది.

అన్నిచోట్లా ఇదే అనుకోకండి. "లావొక్కింతయు లేదు" పద్యంలో "తనువున్ డస్సెన్" అని ఉంది. అక్కడ డకారం పుట్టుకతో ఉన్నదే, డస్సు అంటే అలసిపోవు. అందుకని రెండు అక్షరాల కిందా చూడండి. ఆ పద్యం మొదట ఉన్న లావు కూడా చూడండి, అక్కడ దాని అర్థం బలం.

సెలవు.