కోడి వంక చూస్తూ అన్నం తిన్న మనిషి

నమస్తే అండీ. వెనకాల హోరు వినిపిస్తే ఏమీ అనుకోకండి, బీచ్ రోడ్డులో కూర్చుని మాట్లాడుతున్నాను. ఇంట్లో రికార్డు చేద్దామంటే పక్కవాళ్లు బోరు వేయిస్తున్నారు. దానికంటే సముద్రమే నయం.

ఈ రోజు కోట శ్రీనివాసరావు గారి గురించి. 2025 జులై 13న పోయారు. జులై 10న 83 నిండాయి, మూడో రోజుకి మనిషి లేరు. అది ఆదివారం. పొద్దున్నే వార్త వచ్చేసరికి మా ఇంట్లో అమ్మ చికెన్ కడుగుతోంది. ఈ చికెన్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆయన చేసిన సినిమాలన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. నేను రెండు పాత్రలే పట్టుకుంటాను. రెండూ పిసినారులే. ఒకటి 1987లో 'అహ నా పెళ్లంట'లో లక్ష్మీపతి, రెండోది 2004లో 'ఆ నలుగురు'లో కోటయ్య.

లక్ష్మీపతి సీను మీకు కంఠతా వచ్చే ఉంటుంది. పైనుంచి కోడి వేలాడుతూ ఉంటుంది. కింద కంచంలో అన్నం. కోడి వంక ఒక చూపు, నోట్లోకి ఒక ముద్ద. కూర లేదు, ఖర్చు లేదు, కోడి తిన్న తృప్తి మాత్రం ఉంది. అందరం నవ్వుతాం. కానీ ఈసారి చూసేటప్పుడు కోడిని వదిలేసి కోట గారి మొహమే చూడండి. ఎక్కడైనా 'చూడండి, ఎంత తమాషాగా ఉందో' అన్న ఛాయ కనిపిస్తుందా? ఉండదు. లక్ష్మీపతి నిజంగా భోజనం చేస్తున్నాడు. వాడికి ఆకలి ఉంది, రుచి తెలుస్తోంది, పైగా డబ్బు మిగిలిందన్న ఆనందం. ఆ పగిలిన కళ్లజోడు వెనక కళ్లలో ఒక తెలివైనవాడి గర్వం ఉంటుంది. పిచ్చివాళ్లు ఎవరయ్యా అంటే, వాడి లెక్కలో మనమే, కిలో చికెన్‌కి డబ్బు పోసేవాళ్లం.

నవ్వించాలని చేస్తే ఆ సీను ఒక్కసారి నవ్వించి పోయేది. కోట గారు లక్ష్మీపతిని నమ్మి చేశారు కాబట్టి ముప్ఫై ఎనిమిదేళ్ల తరవాత కూడా ఫోన్లలో తిరుగుతోంది.

ఆ వేషానికి నిర్మాత రామానాయుడు గారు ముందు రావు గోపాలరావు గారిని అనుకున్నారట. దర్శకుడు జంధ్యాల గారు కోటే కావాలని పట్టుబట్టారని చెబుతారు. రావు గోపాలరావు గారంటే నాకు ప్రాణం, కానీ ఆయన చేస్తే ఆ పిసినారిలో కూడా ఒక దర్జా వచ్చేసేదేమో. కోట గారిలో దర్జా లేదు. మన వీధి చివర వడ్డీలకు తిప్పే మనిషిలా ఉంటారు.

ఎందుకలా ఉంటారంటే, నా ఊహ చెబుతాను, ఒప్పుకోకపోయినా పరవాలేదు. ఆయన నాటకాలు వేస్తూ స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేశారు. 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చారు. బ్యాంకు కౌంటరు దగ్గర కూర్చున్నవాడికి డబ్బు చేతిలో పడగానే మనిషి మొహం ఎలా మారుతుందో రోజూ కనబడుతుంది. నోటు రెండుసార్లు లెక్కపెట్టేవాడు, చిరిగిన నోటు మధ్యలో దోపేవాడు, పాస్‌బుక్కు గుండెకి హత్తుకుపోయేవాడు. నటుడికి అంతకంటే బడి ఏం కావాలి?

విలన్ల సంగతి రెండు ముక్కల్లో. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్య, తరవాత 'శివ'లో మాచిరాజు, 'గాయం'లో గురునారాయణ, 'గణేష్'లో ఆరోగ్యమంత్రి. కాశయ్య మాట్లాడిన తెలంగాణ యాసకి ఆ రోజుల్లో హాళ్లు హోరెత్తాయి. అయితే ఒక మాట. ఆ యాసని విలన్లకీ రౌడీలకీ అంటగట్టారని తెలంగాణ మిత్రులు చేసే ఫిర్యాదు న్యాయమైనదే. మన ఉత్తరాంధ్ర వాళ్లకి ఆ బాధ బాగా తెలుసు, మన 'ఏటి', 'గుంట' వినిపించాయంటే తెర మీద పనివాడో అమాయకుడో వచ్చాడన్నమాట. తప్పు రాసినవాళ్లది, తీసినవాళ్లది. కంకిపాడులో పుట్టిన మనిషి ఆ యాసని ఒంటబట్టించుకున్న తీరు మాత్రం మెచ్చుకోవాల్సిందే.

బాబూమోహన్ గారితో చేసిన కామెడీ జోలికి వెళ్లను, దానికి ఇంకో వీడియో కావాలి. మన అనకాపల్లి వైపు నుంచి వెళ్లిన మల్లికార్జునరావు గారితో 'హలో బ్రదర్'లో ఎస్సై, కానిస్టేబులుగా చేసినవి మాత్రం వదలకుండా చూడండి.

ఇప్పుడు కోటయ్య. 'ఆ నలుగురు'లో రాజేంద్రప్రసాద్ గారు రఘురాం. మంచితనంతో బతికే మనిషి. పక్కింట్లో పిసినారి కోటయ్య. ఇక్కడ ఒక తమాషా ఉంది. 'అహ నా పెళ్లంట'లో ఈ రాజేంద్రప్రసాదే లక్ష్మీపతి కూతురి కోసం వాడికంటే పెద్ద పిసినారిగా నటించి ఆ ఇంట్లో దూరతాడు. పదిహేడేళ్ల తరవాత మళ్లీ వాళ్లిద్దరే. ఈసారి ఎవరూ ఎవరినీ మోసం చెయ్యరు. పిసినారి పక్కన ఒక మంచివాడు ఊరికే బతికాడు, అంతే. పోయాక ఆ పిసినారి కళ్లలో నీళ్లు.

ఆ ఏడుపు చూడండి. రూపాయి పోతే ఎలా ఏడవాలో తెలిసినవాడు, మనిషి పోతే ఎలా ఏడవాలో తెలియక తడబడినట్టుంటుంది. లక్ష్మీపతి తెలిసినవాళ్లకే ఈ కోటయ్య పూర్తిగా అర్థమవుతాడని నా నమ్మకం. వీలైతే రెండూ ఒకే రోజు చూడండి, ముందు 1987ది.

సొంత జీవితంలో 2010లో కొడుకు ప్రసాద్ రోడ్డు ప్రమాదంలో పోయారు. ఆ తరవాత కూడా మేకప్ వేసుకుని సెట్‌కి వెళ్లారు. దాని గురించి నేను మాట్లాడలేను.

సరే, ఆ ఆదివారం. మా నాన్న స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు అద్దె వీసీఆర్‌లో 'అహ నా పెళ్లంట' వేసినప్పటి నుంచి మా ఇంట్లో లక్ష్మీపతి ఊతపదం 'నాకేంటి' కాస్తా 'నాకేటి' అయిపోయింది. కరెంటు బిల్లు వచ్చినా 'నాకేటి', చుట్టాలు వచ్చినా 'నాకేటి'. ఆ రోజు మధ్యాహ్నం ఏ చానెల్ పెట్టినా ఆ కోడి సీనే. నాన్న కంచం పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. అమ్మ కూర వడ్డించి వెళ్లింది. కాసేపటికి వచ్చి చూస్తే ఆయన తెర వంక చూస్తూ ఉత్తన్నం తింటున్నారు, కూర పక్కన అలాగే ఉంది.

'ఏటండీ, కోడి కంచంలో ఉంది' అంది అమ్మ.

నాన్న కంచంలోకి చూసుకుని, ఒక ముక్క తీసి నా కంచంలో వేసి, మళ్లీ టీవీ వైపు తిరిగారు.