తాత శ్రుతిని గుడిగంట పట్టి ఇచ్చింది

అన్న: నమస్కారం. తిరుపతి కొర్లగుంటలో మా మేడమీది గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నాము కనుక, మధ్యలో ఆటో హారన్ వినిపిస్తే శ్రోతలు మన్నించాలి. క్యాసెట్లంటే పిచ్చి ఉన్న మన ఆన్‌లైన్ మిత్రబృందంలో మూడు వారాలుగా ఒకటే వాదన నడుస్తున్నది. పాత టేపు ఏ వేగంతో నడిస్తే అది అసలు వేగం అవుతుందన్నదే ఆ వాదన. దానిని రాజేసినవాడు ఈ తమ్ముడే కాబట్టి, నిప్పు పెట్టినవాడి నోటనే కథ విందాము.

తమ్ముడు: నేను నిప్పు పెట్టలేదన్నా, ఒక క్యాసెట్ పెట్టాను, అంతే. చంద్రగిరి దగ్గర మా ఊరి భజన గుడిలో 1994 డిసెంబరులో, ధనుర్మాసం రోజుల్లో, మా తాత హార్మోనియం వాయిస్తూ పాడిన భజన అందులో ఉంది. దానిని కంప్యూటర్‌లోకి ఎక్కించి అవ్వకు వినిపిస్తే, ఆమె రెండు చరణాలు విని, "ఇది మీ తాత గొంతు కాదురా, ఎవరో పిల్లోడి గొంతు" అని లేచి వెళ్లిపోయింది.

అన్న: అవ్వ చెవికి ఏ మీటరూ సాటి రాదు. సరే, ముందుగా అడగవలసినది అడుగుతాను. టేపును చదివే హెడ్ శుభ్రం చేశావా, అజిముత్, అంటే టేపుకు హెడ్ నిలిచే కోణం, సరిచూశావా?

తమ్ముడు: స్పిరిట్‌తో హెడ్‌ను, రబ్బరు చక్రాన్ని తుడిచాను. రెండు ఛానెళ్లనూ కలిపి మోనోలో వింటూ, తాళాల చప్పుడు స్పష్టంగా తెలిసేదాకా హెడ్ పక్కనున్న స్క్రూను సన్నగా తిప్పాను. నేను శబ్దాన్ని సెకనుకు 96 వేలసార్లు కొలిచే 96 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో ఎక్కించానని మన బృందంలో ఒకరు మెచ్చుకున్నారు, 192 పెట్టలేదని ఇంకొకరు కోప్పడ్డారు.

అన్న: బ్యాటరీ టేప్‌రికార్డర్‌లో తీసిన మామూలు క్యాసెట్‌లో 15 కిలోహెర్ట్జ్‌కు పైన వినదగినది ఏమీ మిగలదు. సీడీ వాడే 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ అయినా అందులో సగం, అంటే దాదాపు 22 కిలోహెర్ట్జ్ దాకా స్వరాలను పట్టుకుంటుంది. 192 అడిగినవారికి నా నమస్కారం, అంతకు మించి చెప్పను. అసలు జబ్బు వేగంలో ఉంది. ఫిలిప్స్ సంస్థ 1963లో ఈ క్యాసెట్‌ను తెచ్చినప్పుడే టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలని నిర్ణయమైంది. క్యాసెట్‌ను వినిపించే నీ డెక్ ఆ లెక్కన నడుస్తున్నదా?

తమ్ముడు: మీరిచ్చిన టెస్ట్ టేపుతో సరిచూశాను, డెక్ సరిగానే ఉంది. తప్పు 1994లోనే జరిగింది. మా బాబాయి ఆ రోజు రికార్డర్‌ను నాలుగు పెద్ద సెల్లుల మీద నడిపాడు. సెల్లులు నీరసిస్తే మోటారు మందగిస్తుంది. సెకనుకు నడవవలసినంత టేపు నడవదు కనుక పాట కొద్దిపాటి టేపులో ఇరుక్కుంటుంది. అదే టేపును ఇప్పుడు సరైన వేగంతో నడిపితే పాట తొందరగా అయిపోతుంది, శ్రుతి పైకి పోతుంది. వేగం సుమారు 6 శాతం పెరిగితే అర శ్రుతి, అంటే హార్మోనియం మీద పక్క మెట్టుకు పోయినంత, పెరిగినట్టే కాబట్టి, తాత గొంతు పిల్లవాడి గొంతు కావడానికి పెద్ద తేడా అక్కరలేదు.

అన్న: ఇక్కడే మనవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. హార్మోనియం మెట్టు చూసి సరిచేయమన్నది ఒక వర్గం. ఆ మాట చెప్పినవారు పాత హార్మోనియాలను ఎప్పుడూ ముట్టుకోలేదని నా అనుమానం, ఎందుకంటే ఊళ్లలో తిరిగిన పెట్టెలన్నీ ఒకే ప్రమాణానికి శ్రుతి చేసినవి కావు. సుప్రభాతం క్యాసెట్‌ను కొలమానంగా పెట్టుకోమన్నవారు కూడా ఉన్నారు. తిరుపతిలో పుట్టినవాడికి సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం శ్రుతి నరాలలో ఉంటుందన్నది నిజమే, నేను కూడా కొత్త డెక్ ఇంటికి వస్తే ముందు అదే వేస్తాను. అయితే అది డెక్‌కు పరీక్ష అవుతుందే కాని, ఊరి గుడిలో తీసిన టేపుకు కాదు. పైగా గాంధీ రోడ్డులో కొన్న నకలు క్యాసెట్ ఎన్ని చేతులు మారి, ఎన్ని మోటార్ల మీద సాగి వచ్చిందో ఎవరికి తెలుసు?

తమ్ముడు: రెండో వర్గం కరెంటు హమ్మును చూడమన్నది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, మైక్‌సెట్‌లో డయోడ్ల తర్వాత మిగిలే గుయ్‌మన్న మోత 100 హెర్ట్జ్. రికార్డర్ సెల్లుల మీద నడిచినా మైక్‌సెట్ కరెంటు మీదే నడిచింది కనుక ఆ మోత టేపులో భద్రంగా ఉంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూపే స్పెక్ట్రమ్ గీసి చూస్తే, 100 ఉండవలసిన చోట 103.2 కనిపించింది. ఆ లెక్కన 3.2 శాతం తగ్గించి అవ్వకు మళ్లీ వినిపించాను. ఆమె "పిల్లోడు కొంచెం పెద్దోడైనాడు" అన్నది.

అన్న: ఆ మాట చెప్పినప్పుడే నాకు వెలిగింది. 1994లో దక్షిణాది గ్రిడ్‌ను 50 హెర్ట్జ్ గడియారంగా ఎవడు నమ్ముతాడు? విద్యుత్ కొరత ఉన్న ఆ రోజుల్లో గ్రిడ్ 48 దగ్గర ఈడ్చుకుంటూ నడవడం మామూలు విషయం. గ్రిడ్‌ను కిందికి లాగేవారికి ఎక్కువ ధర వేసే కొత్త టారిఫ్ పద్ధతి 2003 జనవరిలో దక్షిణాదికి వచ్చిన తరువాతే ఆ సంఖ్య నిలకడ పడింది. అంటే నీ గడియారమే నెమ్మదిగా నడిచిన గడియారం. అప్పటికీ ఇప్పటికీ మారనిది ఏదైనా ఆ టేపులో ఉందా అని అడిగాను, గుర్తుందా?

తమ్ముడు: మీరు అడిగిన రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి టేపును మొదటినుంచి వింటే, దీపారాధనప్పుడు ఒకసారి, చివర మంగళహారతికి ఒకసారి గంట మోగింది. ఆ గంట ఇప్పటికీ అదే దూలానికి వేలాడుతున్నది. ఆదివారం బండి మీద ఊరికి పోయి, పూజారి గారిని అడిగి, ఫోనును స్తంభానికి ఆనించి పదిసార్లు మోగించాను.

అన్న: గంట మార్చలేదని రుజువేమిటని మన బృందంలో ఒకాయన ప్లీడరులాగా అడిగాడు. నిజానికి అది మంచి ప్రశ్న.

తమ్ముడు: జవాబు గంటలోనే ఉంది. గంట ఒక్క స్వరం పలకదు, అనేక స్వరాలు ఒకేసారి పలుకుతుంది, వాటి నిష్పత్తి ఆ గంట ఆకారాన్ని, పోతను బట్టి ఉంటుంది. టేపు ఎంత వేగంగా నడిచినా అన్నీ కలిసి పైకి పోతాయి కాని నిష్పత్తి చెదరదు. నేటి గంటలో బలమైన రెండు స్వరాలు 812, 1391 హెర్ట్జ్ వద్ద ఉన్నాయి. టేపులో అవే 869, 1489 వద్ద ఉన్నాయి. రెండింటిలోనూ ఒకదానికి ఇంకొకటి 1.713 రెట్లు. వేలిముద్ర కలిసినట్టే.

అన్న: 869ని 812తో భాగిస్తే 1.07, అంటే తేడా 3 శాతం కాదు, 7 శాతం. టేపులోని 103.2 హమ్మును అదే 1.07తో భాగిస్తే 96.4 వస్తుంది, అందులో సగం 48.2. ఆ సాయంత్రం మీ ఊరి బల్బు ఎంత నీరసంగా వెలిగిందో కూడా గంటే చెప్పింది.

తమ్ముడు: హారతి దగ్గరికి వచ్చేసరికి గంట 885కు, హమ్ము 105కు చేరాయి. సెల్లులు ఇంకా దిగజారి తేడా 9 శాతమైంది. అందువల్ల ఒక్క సంఖ్యతో టేపంతటినీ సరిచేస్తే కుదరదు. మొదలుకు, చివరకు గంటను మేకులుగా కొట్టి, మధ్యలో హమ్ము ఎలా పాకిందో దాని వెంట వేగాన్ని తగ్గించుకుంటూ వచ్చాను. ఇందులో కొత్తవారు జారే చోటు ఒకటి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో వేగం మార్చాలి, కేవలం శ్రుతి మార్చకూడదు, ఎందుకంటే టేపు తప్పినప్పుడు తాళమూ శ్రుతీ కలిసే తప్పుతాయి.

అన్న: సరిచేశాక హార్మోనియం ఎక్కడ నిలిచింది?

తమ్ముడు: అంతకుముందు హార్మోనియం మెట్ల లెక్కలో రెండుకూ రెండున్నరకూ మధ్య ఎక్కడో వేలాడిన శ్రుతి, ఒకటిన్నరకు వెంట్రుకవాసి పైన వచ్చి కూర్చున్నది. తాత ఒకటిన్నరకు పాడేవాడని బాబాయి తరువాత చెప్పాడు, ముందే చెప్పి ఉంటే నాకు ఇంత పని ఉండేది కాదు.

అన్న: ముందే చెప్పి ఉంటే మనకు ఈ ఎపిసోడూ ఉండేది కాదు. నాకు మాత్రం అన్నమయ్య రేకులు గుర్తుకు వచ్చాయి. రాగిరేకుల మీద పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, ఆయన పాడిన వరుస మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు వంటి సంగీత విద్వాంసులు కూర్చుని వరుసలు కట్టవలసి వచ్చింది. సరే, అవ్వ ఏమన్నది?

తమ్ముడు: మూడోసారి వినిపిస్తే ఏమీ అనలేదు. మూడో చరణంలో తాత దగ్గితే, "ఆ దగ్గుకు మిరియాల కషాయం పెట్టినా, తాగకుండానే పోయినాడు" అన్నది. రెండో వైపు కూడా పెట్టమన్నది.

అన్న: రెండో వైపు గంట ఉందా?

తమ్ముడు: లేదన్నా, అదే చిక్కు. ఆ వైపు ఆరో నిమిషంలో హమ్ము టక్కున ఆగిపోతుంది, మైక్ ఆగిపోతుంది, పిల్లలు "కరెంటు పోయింది" అని అరుస్తారు. తాత మాత్రం ఆపకుండా పాడుతూనే ఉంటాడు. గంటా లేదు, హమ్మూ లేదు.

అన్న: హార్మోనియం ఆగిందా?

తమ్ముడు: ఆగలేదు.

అన్న: అయితే మొదట్లో నేను తోసిపుచ్చిన వర్గానికి ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలి. ఆ పెట్టె ఒకటిన్నర కచ్చితంగా ఎన్ని హెర్ట్జ్ పలుకుతుందో మొదటి వైపు మనకు తెలిసిపోయింది కదా. ఇక అదే గంట అనుకుని, ఆరో నిమిషం నుంచి మొదలుపెట్టు.