గురజాడ సాయంత్రానికి ఒక్క మంచం చాలు

నమస్తే అండీ. సెప్టెంబరు 21 గురజాడ అప్పారావు గారి పుట్టినరోజు. ఆ రోజు సభల్లో ఏం జరుగుతుందో మనకి తెలిసిందే. ఫొటోకి దండ, జ్యోతి ప్రజ్వలన, ‘దేశమును ప్రేమించుమన్నా’ పాడే ఇద్దరు పిల్లలు, ఆపైన ఉపన్యాసాలు. 1862లో పుట్టారు, 1915లో పోయారు అని ప్రతి వక్తా చెప్తాడు. ఆయన నాటకం ‘కన్యాశుల్కం’లో ఒక్క సీను మాత్రం ఎవరూ చదవరు!

ఈసారి మీ కాలనీలోనో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో మీరే ఒక సాయంత్రం పెట్టుకోండి. స్టేజీ అక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు. ఒక మంచం తెచ్చి మధ్యలో వెయ్యండి.

మంచం ఎందుకంటారా? ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలోనే వేశ్య మధురవాణి ఇంటికి రామప్పపంతులు వస్తాడు. అప్పటికే అక్కడున్న గిరీశం గబుక్కున మంచం కింద దూరతాడు. కాసేపటికి, తన డబ్బు తినేసిన గిరీశాన్ని వెతుక్కుంటూ, డబ్బుకి భోజనం పెట్టే పూటకూళ్లమ్మ చీపురుకట్టతో దిగుతుంది. దాంతో పంతులు కూడా అదే మంచం కిందకి! దెబ్బ పంతులికి, పరుగు గిరీశానికి. ఇంక 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన ‘దిద్దుబాటు’ కథ తీసుకోండి. భార్య ఉత్తరం రాసి పెట్టి వెళ్లిపోయిందని గోపాలరావు లబోదిబోమంటుంటే, చివరికి ఆవిడ నవ్వు వినిపించేది ఎక్కణ్ణుంచి? మంచం కిందనుంచే. గురజాడకి మంచాల మీద ఏదో మమకారం ఉందని నా అనుమానం.

నాటకం మొత్తం చదువుదామని మాత్రం కూర్చోకండి. 1909 నాటి రెండో కూర్పు ఏడంకాలు, తెల్లారిపోతుంది. విజయనగరం బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తను మాట్లాడుకునే మొదటి సీనుతో మొదలెట్టి, మంచం సీను చదివి, అక్కణ్ణుంచి గిరీశం శిష్యుడు వెంకటేశం తండ్రి అగ్నిహోత్రావధానులు ఇంటికి వెళ్లిపోండి. కొడుకు ఇంగ్లీషు విని మురిసిపోదామనుకునే తల్లి ముందు గిరీశం ‘ట్వింకిల్ ట్వింకిల్’ అందుకుంటే, వెంకటేశం నోటికొచ్చిన ఇంగ్లీషు పాఠం ముక్కలు అప్పజెప్పే చోటు పిల్లలకి ఇచ్చెయ్యండి. స్కూల్లో వాళ్లు చేసే పనే కాబట్టి రిహార్సల్ కూడా అక్కర్లేదు.

విజయనగరం, శ్రీకాకుళం వైపు వాళ్లు ఎవరైనా ఉంటే బతిమాలైనా చదివించండి. ఆ యాస నోట్లో ఉన్నవాళ్లు చదివితే అచ్చులో చప్పగా కనిపించిన మాటకి కూడా జనం నవ్వుతారు. 1955 సినిమా క్లిప్పులు మాత్రం ముందు వెయ్యకండి. ఎన్టీఆర్, సావిత్రి గొప్పగా చేశారు, కాదనను. కానీ అది చూశాక మనవాళ్లు చదవరు, మిమిక్రీ చేస్తారు.

మధురవాణి పాత్ర ఎవరికిస్తారన్నది అసలు టెన్షన్. చక్కగా తయారై వచ్చిన అమ్మాయికి ఇచ్చేసి, పక్కన ఓ డాన్సు పెట్టేస్తుంటారు. నాకది నచ్చదు. ఆ నాటకంలో అందరికంటే బుర్ర పదునైన మనిషి ఆవిడే. పంతుల్ని పొగుడుతూనే గోతిలో దించుతుంది. వెటకారం ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లకి ఇవ్వండి, ఆవిడ వయసు అరవై అయినా సరే.

అగ్నిహోత్రావధానులు చిన్న కూతురు సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టాలనుకునే బేరం మాటలు కూడా చదవండి. జనం నవ్వుతారు. ఆ నవ్వు ఇంకా ఆగకముందే ఒకరు లేచి, 1897 నాటి మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలోని లెక్కలు చదవాలి. విజయనగరం మహారాజా తయారు చేయించిన జాబితా అది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1034 కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే పిల్ల తరఫు వాళ్లు డబ్బు పుచ్చుకుని చేసినవి. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, మూడేళ్ల వాళ్లు 36 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. దీనికి వ్యాఖ్యానం ఏమీ వద్దు. చదివి కూర్చోవడమే.

ఆఖరున ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ ఎలాగూ హాలంతా కలిసి అరుస్తుంది, అరవనివ్వండి. వందన సమర్పణ ఎత్తేసి విస్తళ్లు వెయ్యండి. భోజనానికి ‘పూటకూళ్లమ్మ ఇల్లు’ అని బోర్డు పెట్టండి, బాగుంటుంది. పనసపొట్టు సెప్టెంబరులో దొరకడం కష్టం కాబట్టి కంద బచ్చలి ఆవ పెట్టిన కూర, పులిహోర, మజ్జిగ పులుసు చేయించండి. వంటాయనకి మాత్రం ముందే చెప్పండి, ఆవముద్ద కూర దించాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే చేదెక్కి ఎవరూ తినరు.