గెలవలేని మ్యాచ్ ఎలా గెలిచారు? మిషిగన్ 13, ఒహాయో స్టేట్ 10 | పూర్తి రివ్యూ

నమస్కారం అండీ అందరికీ. ఈ రోజు మనం రివ్యూ చేస్తున్నది 2024 నవంబర్ 30న కొలంబస్‌లో జరిగిన మిషిగన్, ఒహాయో స్టేట్ మ్యాచ్. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్. స్కోరు 13-10. స్కోరు చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. కానీ ఒక బలహీనమైన టీమ్, ర్యాంకులో ఎక్కడో పైనున్న తన ఆగర్భ శత్రువుని, అదీ వాళ్ల గడ్డ మీద, ఎలా ఓడించొచ్చో తెలుసుకోవాలంటే నాకు ఇంతకన్నా మంచి మ్యాచ్ దొరకలేదు. అందుకే నెమ్మదిగా, వివరంగా మాట్లాడుకుందాం.

డెట్రాయిట్ వైపు నోవై, ట్రాయ్‌లో ఉన్న మనవాళ్లకి, కొలంబస్ దగ్గర డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లకి ఈ మ్యాచ్ గురించి పరిచయం అక్కర్లేదు. ఆ వారం ఆఫీసులో ఎవరు ఏ రంగు చొక్కా వేసుకొచ్చారో చూస్తేనే తెలిసిపోతుంది. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఈ రెండు యూనివర్సిటీల మధ్య పోటీ 1897లో మొదలైంది. ప్రతి ఏడాదీ రెగ్యులర్ సీజన్ చివర్లో వస్తుంది. దీన్ని అందరూ 'ది గేమ్' అనే అంటారు, ఇంకో పేరు అవసరం లేదు.

ఇక ఆ రోజు పరిస్థితి వినండి. ఒహాయో స్టేట్ దేశంలో 2వ ర్యాంకు. 11 మ్యాచ్‌లలో 10 గెలిచింది, ఓడింది ఒక్కటే, అదీ ఒరెగాన్ చేతిలో 32-31 తేడాతో. ఆ ఏడాది ఆటగాళ్ల మీద దాదాపు 2 కోట్ల డాలర్లు ఖర్చయిందని ఆ యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టరే చెప్పారు. మరోవైపు మిషిగన్‌కి ర్యాంకే లేదు. 6 గెలుపులు, 5 ఓటములు. ముందు సీజన్‌లో జాతీయ ఛాంపియన్‌లు వీళ్లే. కానీ ఆ టీమ్ మొత్తం చెదిరిపోయింది. కోచ్ జిమ్ హార్బా ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లిపోయాడు, క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) జేజే మెకార్తీ వెళ్లిపోయాడు, రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) బ్లేక్ కోరమ్ వెళ్లిపోయాడు. కొత్త కోచ్ షెరోన్ మూర్‌కి హెడ్ కోచ్‌గా అది మొదటి ఏడాది. పైగా టీమ్‌లో ఉన్న ఇద్దరు పెద్ద స్టార్లు, కార్నర్‌బ్యాక్ (పాస్‌లు పట్టేవాళ్లని కాపలా కాసేవాడు) విల్ జాన్సన్, టైట్ ఎండ్ (పాస్‌లూ పడతాడు, అడ్డూ కాస్తాడు) కోల్‌స్టన్ లవ్‌లాండ్, ఈ మ్యాచ్ ఆడలేదు. మిషిగన్ ఓ 20 పాయింట్ల తేడాతో ఓడుతుందని బెట్టింగ్ లెక్కలు చెప్పాయి. అలాంటి టీమ్ గెలిచింది.

ఎలా గెలిచింది? చాలామంది 'అదృష్టం', 'ఒహాయో చేజేతులా పోగొట్టుకుంది' అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. మిషిగన్ రెండు పనులు చేసింది. ఒకటి, మ్యాచ్‌ని చిన్నది చేసింది. రెండు, తనకి ఎక్కడ బలం ఉందో, సరిగ్గా అక్కడికే ఒహాయోని రప్పించింది.

మొదటిది క్రికెట్‌తో చెప్తే మనకి సులువుగా అర్థమవుతుంది. 50 ఓవర్ల మ్యాచ్‌లో పెద్ద టీమ్‌ని చిన్న టీమ్ ఓడించడం కష్టం. ఎందుకంటే అన్ని ఓవర్లలో నైపుణ్యం ఎలాగైనా బయటపడుతుంది. అదే వాన పడి 8 ఓవర్ల మ్యాచ్ అయిందనుకోండి, ఒక క్యాచ్, ఒక రనౌట్, అంతే, ఎవరైనా గెలవొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆ వానని టీమే తెప్పించుకోవచ్చు! మ్యాచ్ 60 నిమిషాలు. పాస్ విసిరి అది కింద పడితే గడియారం ఆగుతుంది. బంతి పట్టుకుని పరిగెత్తి మైదానం లోపలే పడిపోతే గడియారం నడుస్తూనే ఉంటుంది, తర్వాతి ఆట మొదలుపెట్టడానికి 40 సెకన్ల దాకా తీసుకోవచ్చు. 2023 నుంచి కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకో మార్పు వచ్చింది. ఇదివరకు ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు దాటితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు) వచ్చినప్పుడల్లా గడియారం ఆగేది, ఇప్పుడు ఒక్కో సగంలో చివరి 2 నిమిషాల్లో తప్ప ఆగదు. అంటే పరిగెత్తే టీమ్‌కి రూలే తోడొచ్చింది. ఎదుటి టీమ్ చేతికి బంతి ఎన్ని తక్కువ సార్లు వెళ్తే, వాళ్ల ప్రతిభ బయటపడే అవకాశాలు అన్ని తగ్గుతాయి.

మిషిగన్ సరిగ్గా అదే చేసింది. 42 సార్లు పరిగెత్తింది, 172 యార్డులు తీసింది. పాస్‌లు వేసింది 16 మాత్రమే. క్వార్టర్‌బ్యాక్ డేవిస్ వారెన్ 9 పాస్‌లు పూర్తి చేశాడు, మొత్తం 62 యార్డులు. రెండు ఇంటర్సెప్షన్లు కూడా ఇచ్చాడు, అంటే రెండు పాస్‌లు ఎదుటివాళ్లు పట్టేశారు. ఈ అంకెలు మాత్రమే ఎవరికైనా చూపించి 'ఈ టీమ్ గెలిచిందా ఓడిందా' అని అడగండి, ఓడిందనే అంటారు. ఈ కుర్రాడి గురించి ఒక మాట చెప్పాలి. హైస్కూల్లో ఉండగా లుకేమియా వచ్చింది, దాన్ని జయించి, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా మిషిగన్‌లో చేరాడు. లక్షమందికి పైగా జనం నిండిన శత్రువు స్టేడియంలో అతను నిలబడి ఆడటం చూస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

బరువంతా మోసింది మాత్రం కలెల్ మల్లింగ్స్. 32 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు, 116 యార్డులు. ఇతను మిషిగన్‌కి వచ్చినప్పుడు లైన్‌బ్యాకర్, అంటే పరిగెత్తేవాళ్లని పడగొట్టేవాడు. తర్వాత రన్నింగ్‌బ్యాక్‌గా మారాడు. అతని పరుగులో అది తెలుస్తుంది. తప్పించుకుని పోయే రకం కాదు. తగిలినవాడిని కూడా లాక్కుంటూ ఇంకో రెండు యార్డులు పోతాడు. మూడు యార్డులు, నాలుగు యార్డులు, మళ్లీ మూడు. చూసేవాళ్లకి విసుగు. నాకైతే ఈ మ్యాచ్‌లో అన్నిటికన్నా అందమైనది అదే.

ఇప్పుడు రెండో విషయం. నిజంగా మ్యాచ్ తేలింది ఇక్కడే, కొంచెం ఓపిగ్గా వినండి.

మిషిగన్ డిఫెన్స్ నడిమధ్యలో ఇద్దరు ఉన్నారు, మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్. తర్వాతి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని వరుసగా ఎంచుకునేది) గ్రాహమ్ 5వ స్థానంలో, గ్రాంట్ 13వ స్థానంలో వెళ్లారు. అంటే కాలేజీ స్థాయిలో ఈ ఇద్దరినీ కదపడం ఎంత కష్టమో ఊహించుకోండి. మరి ఒహాయో వైపు నడిమధ్యలో ఏముంది? క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే లైన్‌లో, అక్టోబర్‌లో లెఫ్ట్ ట్యాకిల్ (ఎడమ చివర నిలబడేవాడు) జాష్ సిమన్స్‌కి మోకాలి గాయమై సీజన్ అయిపోయింది. ఆ ఖాళీ పూడ్చడానికి గార్డ్ (అతనికి లోపలి పక్క నిలబడేవాడు) డోనవన్ జాక్సన్‌ని పక్కకి జరిపారు. ఈ మ్యాచ్‌కి కొద్ది రోజుల ముందు ప్రాక్టీసులో సెంటర్ (సరిగ్గా మధ్యలో నిలబడేవాడు) సెత్ మెక్‌లాఫ్లిన్‌కి అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగింది. మధ్యలో ఉండాల్సిన గోడకి రెండు చోట్ల కొత్తవాళ్లు వచ్చారన్నమాట. ఒహాయోకి అన్నిటికన్నా బలహీనమైన చోటు, మిషిగన్‌కి అన్నిటికన్నా బలమైన చోటు, రెండూ ఒకటే!

ఒహాయో బలం ఎక్కడ? బయట. జెరమయా స్మిత్ అనే ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) రిసీవర్, అంటే పాస్‌లు పట్టేవాడు, ఉన్నాడు, ఆ వయసులో అంత ఆట నేను చూడలేదు. పక్కన ఎమెకా ఎగ్బూకా. ఎదురుగా మిషిగన్ కార్నర్లలో స్టార్ విల్ జాన్సన్ లేడు. ఎవరైనా ఏం చేస్తారు? బంతి బయటికి విసురుతారు. కానీ ఒహాయో పదే పదే మధ్యలోకే పరిగెత్తింది. 26 పరుగులు, 77 యార్డులు. అంటే పరుగుకి మూడు యార్డులే. స్మిత్‌కి 5 పాస్‌లు అందాయి, 35 యార్డులు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ మొత్తం 33 పాస్‌లు వేసి 175 యార్డులే తీశాడు.

ఎందుకలా ఆడారు? ఇది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోవచ్చు. 2021 నుంచి వరుసగా మూడేళ్లు మిషిగన్ చేతిలో ఓడారు. ప్రతిసారీ ఒహాయో 'మెత్తటి టీమ్' అన్న మాట పడింది. ఈసారి మేమే బలవంతులమని, ఎదురుగా నిలబడి తోసి మరీ గెలుస్తామని నిరూపించాలనుకున్నారు. కోచ్ రయన్ డే మీద ఆ ఒత్తిడి ఎంతో ఉంది. మిషిగన్‌కి కావాల్సింది అదే. వేరే ఏ టీమ్ ఎదురుగా ఉన్నా ఒహాయో అలా ఆడేది కాదు. శత్రువు కాబట్టే ఆడింది. ర్యాంకు లేని టీమ్‌కి ఇలాంటి పాత పగ వల్ల కలిసొచ్చేది ఇదే, పెద్ద టీమ్ తెలివిగా ఆడటం మానేసి పౌరుషంగా ఆడుతుంది.

సరే, స్కోరు ఎలా వచ్చిందో త్వరగా చెప్తాను. ఒహాయో ఫీల్డ్ గోల్‌తో (బంతిని తన్ని స్తంభాల మధ్యకి పంపితే 3 పాయింట్లు) 3-0. రెండో క్వార్టర్‌లో హోవర్డ్ పాస్‌ని మిషిగన్ ఆటగాడు ఆమిర్ హాల్ పట్టేసి, గోల్ లైన్‌కి 2 యార్డుల దూరం దాకా తెచ్చాడు, అక్కణ్నుంచి మల్లింగ్స్ టచ్‌డౌన్ (బంతిని గోల్ లైన్ దాటిస్తే 6 పాయింట్లు, ఆపై కిక్‌కి ఇంకొకటి). ఆమిర్ హాల్ ఆల్బనీ అనే చిన్న స్థాయి టీమ్ నుంచి వచ్చినవాడు. తర్వాత కిక్కర్ డొమినిక్ జ్వాడా 54 యార్డుల నుంచి ఫీల్డ్ గోల్ కొట్టాడు, 10-3. సగం ముగిసేలోపు స్మిత్ టచ్‌డౌన్‌తో 10-10. మూడో క్వార్టర్‌లో ఎవరికీ పాయింట్లు లేవు.

నాలుగో క్వార్టర్‌లో మిషిగన్ గోల్ లైన్ దాకా వెళ్లింది. అక్కడ వారెన్ వేసిన పాస్‌ని ఒహాయో ఆటగాడు జాక్ సాయర్ పట్టేశాడు. కొలంబస్ ప్రాంతం కుర్రాడు, సొంత గడ్డ మీది స్టేడియం. ఆ అరుపులు వింటే మ్యాచ్ అయిపోయిందనే అనుకుంటాం. కానీ మిషిగన్ డిఫెన్స్ మళ్లీ ఆపింది. బంతి తిరిగొచ్చింది. అప్పుడు థర్డ్ అండ్ సిక్స్, అంటే మూడో ప్రయత్నం, ఇంకా 6 యార్డులు కావాలి. అక్కడ పాస్ వేస్తారనే అందరూ అనుకుంటారు. మల్లింగ్స్‌కే ఇచ్చారు, మధ్యలోంచి 27 యార్డులు! మధ్యాహ్నం నుంచి మూడేసి యార్డులు తవ్వుతూ వచ్చింది ఆ ఒక్క పరుగు కోసమే. మిగిలింది 45 సెకన్లు, జ్వాడా 21 యార్డుల ఫీల్డ్ గోల్, 13-10. ఒహాయో చివరి ప్రయత్నంలో నాలుగు డౌన్లూ (ప్రయత్నాలూ) అయిపోయాయి.

అదృష్టం లేదా అంటే ఉంది. ఒహాయో కిక్కర్ జేడెన్ ఫీల్డింగ్ రెండు ఫీల్డ్ గోల్స్ పోగొట్టాడు, 34 యార్డులది ఒకటి, 38 యార్డులది ఒకటి. తేడా 3 పాయింట్లు కాబట్టి ఆ రెండింట్లో ఒకటి పడినా కథ మారేది. కానీ ఆలోచించండి. 38-10 మ్యాచ్‌లో కిక్కర్ రెండు తప్పితే ఎవరికి గుర్తుంటుంది? రెండు కిక్‌లు ఫలితాన్ని మార్చేంత దగ్గరికి మ్యాచ్‌ని లాక్కొచ్చింది మిషిగనే. అలాంటి దగ్గరి మ్యాచ్‌లో మంచి కిక్కర్ ఉండటం అదృష్టం లెక్కలోకి రాదు. దాన్ని నేను టీమ్ కట్టడం అంటాను.

ఇదే పద్ధతి ముందు కూడా పనిచేసింది. 2007 డిసెంబర్ 1న పిట్స్‌బర్గ్, 4 గెలుపులు 7 ఓటములతో, 2వ ర్యాంకు వెస్ట్ వర్జీనియాని వాళ్ల ఊళ్లోనే 13-9తో ఓడించింది. అదీ పక్కపక్క ఊళ్ల పాత పగే. పిట్స్‌బర్గ్ రన్నింగ్‌బ్యాక్ లీషాన్ మెకాయ్ 38 సార్లు పరిగెత్తి 148 యార్డులు తీశాడు. ఆ ఓటమితో వెస్ట్ వర్జీనియాకి జాతీయ ఫైనల్ అవకాశం పోయింది. ఈ మిషిగన్ మ్యాచ్‌కి రెండు నెలల ముందు, 2024 అక్టోబర్ 5న, వాండర్‌బిల్ట్ 1వ ర్యాంకు అలబామాని 40-35తో ఓడించింది. అందులో 42 నిమిషాలు బంతి వాండర్‌బిల్ట్ దగ్గరే ఉంది. 60లో 42!

అయితే ఇదొక్కటే దారి అని నేను చెప్పను. 2007 సెప్టెంబర్ 1న ఇదే మిషిగన్ 5వ ర్యాంకులో ఉండగా, కింది డివిజన్ నుంచి వచ్చిన అపలాచియన్ స్టేట్, మిషిగన్‌ని దాని సొంత స్టేడియంలోనే 34-32తో ఓడించింది. వాళ్లు నెమ్మదిగా ఆడలేదు, వేగంగా ఆడారు. మొదటి సగంలోనే 28 పాయింట్లు కొట్టారు, చివరి ఫీల్డ్ గోల్‌ని కోరీ లించ్ అడ్డుకున్నాడు. వాళ్ల దగ్గర ఉన్నది వేగం, అందుకే దాన్ని వాడుకున్నారు. మిషిగన్ 2024లో ఆ వేగంతో ఆడుంటే 20 పాయింట్లతో ఓడేది, వారెన్ పాసింగ్ చూశాం కదా.

మ్యాచ్ అయ్యాక జరిగింది నాకు నచ్చలేదు. మిషిగన్ ఆటగాళ్లు మైదానం మధ్యలో జెండా పాతబోయారు, తోపులాట, కొట్లాట, పోలీసులు పెప్పర్ స్ప్రే వాడారు. రెండు యూనివర్సిటీలకీ లక్ష డాలర్ల చొప్పున జరిమానా పడింది. అంత గొప్ప గెలుపు తర్వాత అది అక్కర్లేదు.

ఆ తర్వాత ఒహాయో ఏం చేసిందో చూడండి, నేను చెప్పేదానికి అదే సాక్ష్యం. ప్లేఆఫ్ (జాతీయ ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్) మొదటి మ్యాచ్‌లో టెనసీ మీద బంతి బయటికి విసిరారు. స్మిత్‌కి 103 యార్డులు, రెండు టచ్‌డౌన్లు, 42-17తో గెలుపు. ప్లేఆఫ్ తర్వాతి మ్యాచ్ రోజ్ బౌల్‌లో ఒరెగాన్ మీద స్మిత్‌కి 187 యార్డులు, 41-21. 2025 జనవరి 20న ఫైనల్‌లో నోటర్ డామ్‌ని 34-23తో కొట్టి జాతీయ ఛాంపియన్ అయ్యారు. అదే టీమ్, అదే క్వార్టర్‌బ్యాక్, అదే గాయపడిన లైన్. మిషిగన్ మీద 35 యార్డులు తీసిన కుర్రాడు దాదాపు నెల రోజుల్లో 187 తీశాడు.

మీరు ఈ మ్యాచ్ మళ్లీ చూస్తే నా మాట మీద ఒక పని చేయండి. రెండో సగంలో ఒహాయో దగ్గర బంతి ఉన్నప్పుడు, బంతిని వదిలేసి మిషిగన్ 55, 78 నంబర్లనే చూడండి, గ్రాహమ్, గ్రాంట్. ఒక్కొక్కరి మీదికి ఎంతమంది వస్తున్నారో లెక్కపెట్టి కింద కామెంట్స్‌లో రాయండి. వచ్చే వీడియోలో వాండర్‌బిల్ట్, అలబామా మ్యాచ్ తీసుకుందాం, ఆ 42 నిమిషాలు ఎలా పట్టుకున్నారో డ్రైవ్ డ్రైవ్‌గా, అంటే బంతి చేతికొచ్చిన ఒక్కోసారీ ఏం చేశారో చూద్దాం. ఉంటానండి.