ముసురు రోజుల్లో కారం గడ్డకట్టకుండా: నాలుగు డబ్బాల రివ్యూ

నమస్కారమండి. కోనసీమలో ముసురు పట్టిందని వంటింట్లో ముందు చెప్పేది ఉప్పే. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని నీరు కారుతుంది. ఉప్పు చెమర్చిందంటే పక్కనున్న కారానికీ అదే గాలి తగులుతోందన్నమాట. బల్లమీద నాలుగున్నాయి చూడండి: స్టీలు పోపుల డబ్బా, ప్లాస్టిక్ డబ్బా, పింగాణీ జాడీ, రబ్బరు రింగూ క్లిప్పూ ఉన్న గాజు సీసా.

పోపుల డబ్బా చేతికందడానికి బాగుంటుంది, నిల్వకి పనికిరాదు. పైమూత తీస్తే గిన్నెలన్నిటికీ ఒకేసారి గాలి తగులుతుంది. ఆవాలు, మినప్పప్పు కాస్త తట్టుకుంటాయి. కారం, పసుపు మాత్రం వారానికి సరిపడానే పోసుకోండి. ఇంగువ ఇందులో వద్దు, జీలకర్రకి కూడా ఆ వాసనే పడుతుంది.

ప్లాస్టిక్‌కి కారం రంగూ వాసనా పట్టేస్తాయి, కడిగినా పోవు. జాడీ ఆవకాయకి, కళ్ళుప్పుకి సరే. మూత వదులు కాబట్టి పొడులకి వద్దండి.

మా ఓటు గాజు సీసాకే. అయితే కొనగానే పరీక్ష చేయండి. లోపల పొడి టిష్యూ కాగితం పెట్టి, క్లిప్పు బిగించి, బకెట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచి ఉంచండి. బయట బాగా తుడిచాకే తెరవండి. కాగితం అంచు తడిసినా ఆ సీసా పప్పులకి వాడుకోండి, కారానికొద్దు. రబ్బరు పగుళ్ళిస్తే రింగు మార్చాలి. అరకిలో కారాన్ని ఒకే పెద్ద సీసాలో కాకుండా పావుకిలో చొప్పున రెండింట్లో నింపితే, ఒకటి వాడుతున్నంతకాలం రెండోదానికి గాలి తగలదు. గాజుకున్న లోపం వెలుతురు. గట్టుమీద పెడితే కారం రంగు వెలిసిపోతుంది, తలుపున్న అల్మరాలో పెట్టండి.

ఎంత మంచి సీసా అయినా మనం చేసే పొరపాట్లని ఆపలేదండి. మిల్లు నుంచి తెచ్చిన కారం వేడిగా ఉంటుంది. అలాగే నింపితే ఆవిరి మూత లోపల పట్టి, పైపొర గడ్డకడుతుంది. కాగితం మీద పరిచి, పూర్తిగా చల్లారాకే నింపాలి. ఉడుకుతున్న పులుసు మీద సీసా వంచొద్దు, చెంచాతో విడిగా తీసుకోండి, అదీ పొడి చెంచాతో. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా వెంటనే తెరిస్తే చల్లటి పొడి మీద చెమ్మ పడుతుంది. బయట పెట్టి, చల్లదనం పోయాక తెరవండి.

ఎండుమిర్చి తొడిమతోనే దాచండి. ఊపితే గింజలు గలగలమనాలి, వంచితే పెళుసుగా విరగాలి. మెత్తగా వంగితే ఇంకో ఎండ కావాలి.

ఉండలు మాత్రమే కట్టి, వాసన బాగుంటే, వేడి చేసి పొయ్యి ఆపేసిన పొడి మూకుడులో పరిచి ఆరబెట్టుకోవచ్చు. బూజు కనిపిస్తే మాత్రం పైపైన తీసేసి వాడొద్దండి. బూజు వల్ల చేరే విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు, సీసా మొత్తం పారేయాల్సిందే.