కొరియా పల్లెలకు వెళ్తున్న వాళ్లతో

అందరికీ నమస్కారం. దక్షిణ కొరియా అధ్యయన యాత్రకు వెళ్తున్న మండల సమాఖ్య అక్కలు, సర్పంచులు, సొసైటీ సిబ్బంది ఈ హాల్లో ఉన్నారు. వీసా, టికెట్లు, చలికోట్ల సంగతి ఆఫీసు వాళ్లు చూసుకుంటారు. అక్కడికెళ్లి ఏం చూడాలో చెప్పమని నన్ను పిలిచారు. మీలో చాలామందికి ఇదే మొదటి విమాన ప్రయాణం. కాస్త టెన్షన్ ఉంటుంది, సహజమే.

మన ఊళ్లో సొసైటీ ఉంది కదా, పంట రుణానికీ ఎరువుల బస్తాలకూ వెళ్లే సొసైటీ. దాని మూలం కూడా ఒక విదేశీ అధ్యయన యాత్రే. 1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారిని యూరప్ పంపింది. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో మద్రాసు కిందే ఉండేవి. రైతు వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా బతకాలంటే దారేమిటి, అక్కడి రైతులకు అప్పు ఎలా పుడుతోంది, ఇదీ ఆయనకు అప్పగించిన పని. తిరిగొచ్చి 1895లో ఒకటి, 1897లో ఒకటి, రెండు సంపుటాల నివేదిక ఇచ్చాడు. దాని సారమంతా ఒక్క మాటలో చెప్పాడు: ‘రైఫైజన్‌ను వెతకండి’ అని.

ఎవరీ రైఫైజన్? జర్మనీలో చిన్న చిన్న ఊళ్లకు మేయరుగా చేసిన మనిషి. 1846-47 కరువు చలికాలంలో ఊళ్లోని కలిగినవాళ్ల దగ్గర డబ్బు పోగుచేసి, పేదలకు రొట్టె అప్పుగా ఇచ్చే సంఘం పెట్టాడు. తర్వాత 1864లో హెడ్డెస్‌డార్ఫ్ అనే చోట అప్పుల సంఘం మొదలైంది. దాని కట్టుబాట్లు వినండి. సంఘం పరిధి చిన్నది, అందరూ ఒకరినొకరు ఎరిగినవాళ్లే. సంఘం మునిగితే సభ్యులందరి ఆస్తీ పూచీ. నడిపే పెద్దలకు జీతం లేదు. అప్పు దేనికో చెప్పి తీసుకోవాలి, దానికే వాడాలి. మన పొదుపు సంఘాల అక్కలకు ఇందులో కొత్తేమీ కనిపించదు. అంతా తెలిసిన వ్యవహారమే.

నికల్సన్ మంచి విద్యార్థి. భవనాలు చూసి మురిసిపోకుండా కట్టుబాట్లు చదివాడు, ఎవరు పూచీ పడుతున్నారో అడిగాడు. ఆ శ్రమ ఫలితం 1904 సహకార పరపతి సంఘాల చట్టంలో కనిపిస్తుంది. కానీ ప్రయాణంలో ఒకటి జారిపోయింది. జర్మనీలో ముందు ఊళ్లో సంఘం పుట్టింది, చట్టం వెనకాల వచ్చింది. ఇక్కడ ముందు చట్టం వచ్చింది, రిజిస్ట్రారు వచ్చాడు, ఆయన వెంట సంఘాలు వచ్చాయి. అందుకే నేటికీ మన రైతు దాన్ని ‘గవర్నమెంటు సొసైటీ’ అంటాడు. ‘మాది’ అనడు. ఆ సర్కారు బిగింపు సడలించడానికి మన రాష్ట్రంలో 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తేవాల్సి వచ్చింది, నికల్సన్ వెళ్లొచ్చిన వందేళ్లకు. ‘మాది’ అని సభ్యులు చెప్పుకునే సంఘాలు లేకపోలేదు. 1956లో మొదలైన, తెలంగాణలోని ముల్కనూరు సహకార సంఘం మన కళ్ల ముందే ఉంది. కొరియా వెళ్లే ముందు ఒకసారి ముల్కనూరు వెళ్లి రండి, బస్సు చార్జీలతో పోతుంది.

ఇంకో యాత్ర బంగ్లాదేశ్‌ది. పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చేందుకు 1976లో జోబ్రా అనే ఊళ్లో మొదలైన ప్రయోగం 1983లో గ్రామీణ్ బ్యాంకు అయింది. మన దేశం నుంచి ఎందరో వెళ్లి చూసొచ్చారు. ఐదుగురి గుంపు, వారం వారం కిస్తీ, సెంటర్ మీటింగు, అన్నీ దిగుమతయ్యాయి. కానీ అక్కడ అప్పు తీసుకునే ఆడవాళ్లే బ్యాంకులో వాటాదార్లు. ఇక్కడికొచ్చేసరికి వాటాలు పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి, కిస్తీ మాత్రం ఆడవాళ్ల నెత్తిన మిగిలింది. ఒకే ఇంటికి నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీలు అప్పిచ్చి, వసూలుకు గుమ్మంలో కూర్చున్న రోజులు మీకు గుర్తున్నాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఆ వేధింపులు ఆగలేదు. ఆ కుటుంబాలను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చూసినదాంట్లో వసూలు పద్ధతి ఒక్కటే పట్టుకొచ్చి, యాజమాన్యం సంగతి వదిలేస్తే అట్లా అవుతుంది.

ఇప్పుడు కొరియా. మీకు సెమవుల్ ఉద్యమం గురించి చెబుతారు, అంటే ‘కొత్త ఊరు’ ఉద్యమం, ఊళ్లు తమను తాము బాగుచేసుకునే ఉద్యమం. సినిమా వేస్తారు, మ్యూజియం చూపిస్తారు. ఆ ఉద్యమం రికార్డులు 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి. కథ 1970లో మొదలవుతుంది. దేశంలో సిమెంటు మిగిలిపోయింది. ప్రభుత్వం ముప్పై మూడు వేల పైచిలుకు ఊళ్లకు, పెద్దదా చిన్నదా అని చూడకుండా, ఊరికి 335 బస్తాలు ఇచ్చింది. షరతు ఒక్కటే, ఊరుమ్మడి పనికే వాడాలి. ఏ పని అన్నది ఊరే తేల్చుకోవాలి. కొందరు బావి కట్టారు, కొందరు వంతెన వేశారు. ఏమీ చెయ్యని ఊళ్లూ ఉన్నాయి. మరుసటి ఏడాది బాగా చేసిన దాదాపు 16,600 ఊళ్లకు మాత్రమే 500 బస్తాలు, ఒక టన్ను ఇనుము ఇచ్చారు.

ఈ లెక్క వినగానే మన అధికారులు ప్రోత్సాహకం, పోటీ అని రాసుకుంటారు. నన్నడిగితే మీరు చూడాల్సింది ఆ 335 బస్తాలు ఊళ్లోకి దిగిన రోజు జరిగిన మీటింగు. బావి కట్టాలా, బాట వెయ్యాలా అన్న దగ్గర మాటామాటా పెరిగినప్పుడు ఎవరు సర్దారు? బాట వెడల్పు చెయ్యాలంటే ఎవరి పొలం గట్టు పోయింది, ఆయన్ని ఎట్లా ఒప్పించారు? ఊరికి ఒక మగ నాయకుడు, ఒక ఆడ నాయకురాలు ఉండేవారు, జీతం లేదు. ఆ తరం వాళ్లు ముసలివాళ్లయినా ఇంకా ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చోండి. ఊళ్లో తాగుడు, జూదం మాన్పించడానికి అక్కడి మహిళా సంఘాలు పోరాడాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం మీరు చెప్పండి, ఆ ముసలమ్మలు తప్పకుండా వింటారు. పొదుపు కోసం వంటకు తీసిన బియ్యంలోంచి కాస్త పక్కన పెట్టుకునే అలవాటు అక్కడా ఉండేది, ఇక్కడా ఉండేది.

మ్యూజియంలో చెప్పనివీ అడగండి. అది నియంతృత్వ పాలన నడిచిన కాలం. పైనుంచి ఒత్తిడి ఉండేది. గడ్డి కప్పులు తీసెయ్యాల్సిందేనని వెంటపడి రేకులు వేయించారు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉందని తర్వాత వాటిని పీకించాల్సి వచ్చింది. ఇవన్నీ తెలిశాక కూడా ఆ ఊళ్ల శ్రమ మీద నాకు గౌరవం తగ్గలేదు. కాకపోతే ఆదేశంతో జరిగినదేదో, ఊరు తనంత తానుగా చేసుకున్నదేదో విడదీసి చూడాలి.

చూడటం ఎట్లాగో నేను ఒకామె దగ్గర నేర్చుకున్నాను. మన గ్రామ సంఘాలు చూడటానికి ఆఫ్రికా నుంచి ఒక బృందం వచ్చింది. పూలదండలు, కోలాటం, ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. అందులో ఒకామె లేచి అప్పుల పుస్తకం చూపించమంది. పేజీలు తిప్పుతూ, మూడు నెలలుగా వాయిదా కట్టని ఒక పేరు దగ్గర వేలు పెట్టి ఆగింది. “ఈమె ఇంటికి ఎవరు వెళ్లారు? వెళ్లి ఏం మాట్లాడారు?” అని అడిగింది. సంఘం అధ్యక్షురాలు కాసేపు తటపటాయించి, ఆమె భర్త జబ్బు సంగతి, వాయిదాలు సగానికి తగ్గించిన సంగతి, అందుకు ఒప్పుకోని ఇద్దరు సభ్యులతో జరిగిన గొడవ సంగతి అన్నీ చెప్పింది. అప్పటిదాకా వాచీలు చూసుకుంటున్న అతిథులు పెన్నులు తీశారు. ఇద్దరి మధ్య అనువాదం చెయ్యడానికి నేను నానా తంటాలు పడ్డాను, అయినా ఆ గంటను మించిన శిక్షణ నేను ఎక్కడా చూడలేదు.

మీరూ అట్లా అడగండి. గైడు మంచి ఊరే చూపిస్తాడు, మనమూ అంతే చేస్తాం. పని ఆగిపోయిన ఊరు ఒకటి చూస్తామని ముందే కోరండి. షాపింగుకు పెట్టిన పూటలో ఒకటి తగ్గించి, ఒక రాత్రి పల్లెలో ఉండేలా ప్రోగ్రాం మార్చమని నిర్వాహకులను ఇక్కడి నుంచే అడుగుతున్నాను.

తిరిగొచ్చాక ఆఫీసు రిపోర్టు అడుగుతుంది, ఇవ్వండి. కానీ అంతకంటే ముందు మీ గ్రామ సంఘం మీటింగులో కూర్చుని చూసింది చెప్పండి, ఫోన్లో ఫోటోలు తర్వాత చూపించవచ్చు. యాత్రకు రాని అక్కలు అడిగేవి మూడే ఉంటాయి: ఇది మనం చేస్తే ఎంతవుతుంది, ఎవరు పెట్టుకుంటారు, కుదరకపోతే నష్టం ఎవరిది? ఆ మూడూ నోటుబుక్కు మొదటి పేజీలో ఇప్పుడే రాసుకోండి, అక్కడ వెళ్లిన ప్రతి ఊళ్లోనూ అడగండి. ఇక మీ సందేహాలు చెప్పండి, వెనక వరసలో ఉన్న అక్కలతో మొదలుపెడదాం.