చార్లీ బ్రౌన్ క్రిస్మస్: ఆ పిల్లల గొంతుల కోసం మళ్లీ చూశాను

నమస్కారం. ముందే చెబుతున్నాను, 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' అనే కార్టూన్ కార్యక్రమం ఉన్న ఈ 4కె డిస్కు నేను కొన్నది కాదు. పాత సినిమాల డిస్కులు అమ్మే ఒక దుకాణం వారు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. బాగుందని చెప్పమని వారు అడగలేదు, అడిగినా ఒప్పుకునేవాణ్ణి కాదు. రిజల్యూషన్, అదనపు వీడియోల వివరాలు మీరు ఈపాటికే ఎక్కడో చూసి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నేను మాట్లాడాలనుకుంటున్నది చార్లీ బ్రౌన్ చెల్లెలు శాలీ గొంతు గురించి.

'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' 1965 డిసెంబర్ 9న అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానల్‌లో మొదటిసారి ప్రసారమైంది. అందులో పిల్లల పాత్రలకు గొంతు ఇచ్చింది నిజంగా పిల్లలే. శాలీగా మాట్లాడిన కాథీ స్టైన్‌బర్గ్‌కు అప్పటికింకా చదవడమే రాదు. అందుకని ఒక్కో ముక్క చెప్పి పలికించి, తర్వాత ఆ ముక్కలను అతికించారు. ఈ సంగతి తెలిశాక, శాలీ తన అన్న చేత శాంటాకు ఉత్తరం రాయించే సన్నివేశాన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. వాక్యం మధ్యలో ఊపిరి ఆగుతుంది, స్వరం కాస్త మారి మళ్లీ అందుకుంటుంది. బహుమతులు కష్టమైతే పది, ఇరవై డాలర్ల నోట్లు పంపినా చాలని శాంటాను అడిగేది ఆ గొంతే. అనుభవమున్న పెద్ద నటి ఎవరైనా ఆ మాటను నవ్వు పుట్టించేలా పలికేది. ఈ పాప మామూలుగా అనేస్తుంది, అందుకే అంత బాగుంది.

గుంటూరు నుంచి అమెరికా వెళ్లిన కొత్తలో స్కూల్లో ఎవరు మాట్లాడినా నాకు సగం అందేది కాదు. ఈ బొమ్మల పిల్లలు మాత్రం ఆగి ఆగి మాట్లాడేవారు. నాన్న టీవీలో వస్తుండగా వీడియో టేపు మీద రికార్డు చేసి పెట్టారు, అర్థం కాని చోటల్లా వెనక్కి తిప్పి చూసేవాణ్ణి. ఆ టేపులో ప్రకటనలు కూడా ఉండేవి. తర్వాత కొన్న డీవీడీలో అవి లేవు కానీ, సంగీతం వచ్చినప్పుడు మాటలు అణిగిపోయేవి. ఈ డిస్కులో సంగీతం సమకూర్చిన విన్స్ గ్వరాల్డీ పియానో ఒకవైపు, పిల్లల మాట ఒకవైపు విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తున్నాయి. నాకు ఇదొక్కటి చాలు.

నేపథ్యంలో నవ్వుల శబ్దం కలపడానికి ఈ పాత్రలను సృష్టించిన చార్లెస్ షుల్జ్ ఒప్పుకోలేదు. ఆయన మాట నెగ్గడం మన అదృష్టం. చార్లీ బ్రౌన్ స్నేహితుడు లైనస్ వేదిక మీద నిలబడి లూకా సువార్త రెండో అధ్యాయం చెప్పేటప్పుడు చుట్టూ ఏ శబ్దమూ ఉండదు. ఆ వాక్యాలు నాకు గుంటూరు చర్చిలోనే కంఠతా వచ్చు. దూత 'భయపడకుడి' అనే చోట లైనస్ చేతిలోని దుప్పటి జారవిడుస్తాడు. ఎప్పుడూ వదలని దుప్పటి అది! చిన్నప్పుడు అన్నిసార్లు చూసినా గమనించలేదు, ఈసారి చూసి కాసేపు ఆపేశాను.

ఇక నా కోపం. పెద్దయ్యాక చూస్తే ఈ కథలో పిల్లలు చార్లీ బ్రౌన్‌ను పెట్టే బాధ భరించలేకపోయాను. క్రిస్మస్ కోసం చిన్న చెట్టు తెచ్చినందుకు అందరూ కలిసి నవ్వుతారు, చివరికి అతని కుక్కపిల్ల కూడా. తర్వాత ఆ చెట్టును అందంగా అలంకరించి, పాట పాడి శుభాకాంక్షలు చెబుతారు. క్షమాపణ మాత్రం ఒక్కరూ అడగరు! అప్పుడు కూడా లైనస్ అక్క లూసీ అతన్ని మొద్దు అంటూనే చెట్టును మెచ్చుకుంటుంది. 1964లో వచ్చిన, శాంటా బండి లాగే ఎర్ర ముక్కు జింక రుడాల్ఫ్ కథ చెప్పే టీవీ కార్యక్రమంలోనూ ఇలాంటి లోటే ఉండేది. ఎవరికీ అక్కర్లేని బొమ్మలను శాంటా తీసుకెళ్లినట్టు చూపలేదని ప్రేక్షకులు ఫిర్యాదు చేస్తే, మరుసటి ఏడాది ఆ సన్నివేశం చేర్చారు. ఇక్కడా అలా ఒక్క మాట చేర్చి ఉంటే ఎంత బాగుండేది!

బొమ్మల పని గురించి ఒక్క మాట. తొందరలో తయారైన సంగతి తెలుస్తూనే ఉంటుంది. చెట్టుకు కొమ్మలు ఒక సన్నివేశంలో ఉన్నన్ని మరో దాంట్లో ఉండవు. 4కెలో అది ఇంకా బాగా కనిపిస్తుంది. నాకు పట్టింపు లేదు, మీకుంటే ముందే తెలుసుకోండి.

కొనాలా? ఇది 2020 నుంచి యాపిల్ టీవీ (2025 వరకు దాని పేరు యాపిల్ టీవీ ప్లస్) స్ట్రీమింగ్ సేవలో ఉంది. టీవీ స్పీకర్‌తోనే చూసేవారికి అది సరిపోతుంది. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్ ఉంటే మాత్రం ఈ డిస్కు కొనండి, వెనుకాడకండి. పిల్లలతో కలిసి చూస్తే, అందరూ నవ్వే సన్నివేశం దగ్గర ఒకసారి ఆపి వాళ్లకు ఏమనిపించిందో అడగండి. వాళ్లు చెప్పింది కింద రాయండి, అన్నీ చదువుతాను.